కొండకు ఊరికే వెళ్లే హక్కు

విశాఖపట్నంలో ఉండేవాళ్లకు కొండ దూరం కాదు. ఒకవైపు సముద్రం, మరోవైపు ఊళ్లోకే వచ్చి నిలబడ్డ తూర్పు కనుమలు. కైలాసగిరి, సింహాచలం కొండలు, కంబాలకొండ - దేనికైనా తెల్లవారుజామున బయల్దేరితే ఆఫీసు వేళకు తిరిగి రావచ్చు. ఈ కొండదారుల్లో నడిచేవాళ్లు, పరుగెత్తేవాళ్లు ఇప్పుడు చాలామంది కనిపిస్తున్నారు. ట్రెకింగ్ అనీ, ట్రెయిల్ రన్నింగ్ అనీ వీటికి పేర్లు. నలభై దాటాక నేనూ మొదలుపెట్టాను. మోకాళ్ల కోసమో, షుగర్ రాకూడదనో కాదు. నాకు ఇష్టమై. ఆ ‘ఇష్టమై’ అన్న మాట పైకి చెప్పడానికి నాకు చాలాకాలం పట్టింది. ఎందుకు పట్టిందన్నదే ఇక్కడ నేను చర్చించదలచుకున్న విషయం.

ఒకరోజు ఉదయం ఒంటరిగా వెళ్లాను. ఏ కొండ అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. దారి మొదట్లో కాపలా మనిషి ఆపాడు. “ఒక్కరేనా మేడమ్? సార్ రాలేదా?” రాలేదన్నాను. “అయితే ఇంకెవరైనా వచ్చేదాకా ఆగండి. ఏదైనా జరిగితే మా మీదికొస్తుంది” అన్నాడు. నేను నిలబడి ఉండగానే ఒక కుర్రాడు ఒంటరిగా లోపలికి వెళ్లాడు. కాసేపటికి మరొకతను వెళ్లాడు. వాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు. అరగంట తర్వాత నలుగురు మగవాళ్లు కలిసి వస్తే, “వీళ్లతో వెళ్లండి” అని నన్ను పంపాడు. నాకు ముక్కూమొహం తెలియని నలుగురు మగవాళ్లు నాకు రక్షణ అట! కొండమీద ఆడవాళ్లకు ఎవరివల్ల భయమని అనుకుంటున్నామో వాళ్లకే అప్పగించడాన్ని భద్రత అని ఎలా అంటాం?

ఆరోజే పైన ముగ్గురు స్త్రీలు ఎదురయ్యారు. తలమీద చుట్టకుదురు, దానిమీద కర్రల మోపు. పరుగెడుతున్న నన్ను చూసి ఒకామె ఆగిపోయి, “ఎవులైనా తరుముతన్నారేటమ్మా?” అంది. లేదు, ఊరికే పరుగెడుతున్నానన్నాను. “ఊరికినేనా!” అని ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను. మీరు గేటు వైపు నుంచి రారా అని అడిగితే, “అటెల్తే మోపు దింపించేత్తాడమ్మా” అని మరో దారిన దిగిపోయారు. నేను వచ్చిన దారికన్నా అది నిటారుగా ఉంది.

ఆ నవ్వు గురించి తర్వాత చాలా ఆలోచించాను. మన స్త్రీలు కొండ ఎక్కడం కొత్తేమీ కాదు. కట్టెలకు ఎక్కారు, నీళ్లకు ఎక్కారు, మొక్కు తీర్చుకోవడానికి ఎక్కారు. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు సింహాచలం గిరి ప్రదక్షిణ చూడండి. సుమారు 32 కిలోమీటర్లు. కాలేజీ పిల్లల నుంచి ముసలమ్మల దాకా వేలాదిమంది స్త్రీలు రాత్రంతా నడుస్తారు. “సార్ రాలేదా” అని ఎవరూ అడగరు. దారిపొడుగునా దీపాలు, మంచినీళ్లు, వైద్య శిబిరాలు, పోలీసులు ఉంటారు. వాళ్ల భక్తిని నేను తక్కువ చేయడం లేదు. రాత్రిపూట స్త్రీలు క్షేమంగా నడవగల ఏర్పాట్లు ఈ నగరం తలుచుకుంటే చేయగలదని మాత్రమే అంటున్నాను. ఆ ఒక్క రాత్రి సాధ్యమైనది మిగిలిన రోజుల్లో ఎందుకు సాధ్యం కాదు? దేవుడి కోసం, ఇంటి పొయ్యి కోసం నడిచే స్త్రీని సమాజం ఒప్పుకుంటుంది. తనకోసం నడిచే స్త్రీని కారణం అడుగుతుంది.

స్త్రీ శరీరం దీనికి తట్టుకోలేదన్న వాదన కూడా పాతదే. 1928 ఒలింపిక్స్‌లో స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టి, వాళ్లు అలసిపోతున్నారంటూ తీసేశారు. మళ్లీ పెట్టింది 1960లో. స్త్రీల మారథాన్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1984లో. మరి మోపు నెత్తిన పెట్టుకుని నిటారు దారిన దిగే స్త్రీ శరీరం గురించి ఇంత బెంగ ఎవరైనా పడ్డారా?

పోనీ సమయం ఉందా? జాతీయ గణాంక కార్యాలయం 2019 కాలవినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు 299 నిమిషాలు దానిమీద ఖర్చు చేస్తే, ఆ పని చేసే పురుషులు ఖర్చు చేసేది 97 నిమిషాలు. అంటే తెల్లవారుజామున కొండమీద కనిపించే మగవాళ్లలో చాలామంది ఇంట్లో ఆ వేళకు ఎవరో ఒక స్త్రీ టీ పెట్టి, పిల్లలకు క్యారేజీ సర్దుతూ ఉంటుంది. అతని పరుగులో ఆమె శ్రమ కూడా ఉంది.

తిండికీ కూలికీ పోరాడుతున్న స్త్రీలుండగా ఈ పరుగు గొడవేమిటని మన సంఘాల్లోనే కొందరు అనవచ్చు. ఆ ప్రశ్న నాకూ ఉంది. కానీ మనదేశం 1993లో ఆమోదించిన ‘సీడా’ ఒప్పందం 13వ అధికరణం వినోదంలో, క్రీడల్లో పాల్గొనే హక్కు స్త్రీలకు సమానంగా ఉండాలంటోంది. అది చదువుకున్న స్త్రీలకే అని రాయలేదు. తీరిక అనేది కడుపు నిండినవాళ్ల విలాసమని మనమే అంటే, పేద స్త్రీకి పని తప్ప మరేమీ అక్కర్లేదని ఒప్పుకున్నట్టే. నా అసలు భయం ఇంకొకటి. టిక్కెట్టు కొన్న మాకోసం దారులు బాగుచేసి, ఆ దారుల్లోంచి కట్టెలు ఏరుకునే స్త్రీలను వెళ్లగొడితే, అలాంటి హక్కు నాకు వద్దు.

అందుకని మనం అడగాల్సినవి స్పష్టంగా ఉండాలి. ఒంటరి పురుషుడికి లేని నిబంధన ఒంటరి స్త్రీకి ఉండకూడదు. చిరుతలున్నాయంటే, చీకట్లో వెళ్లొద్దంటే అది అందరికీ వర్తించాలి. దారి మొదట్లో మరుగుదొడ్డి, తెల్లవారుజామున బస్సు, కాపలాలో స్త్రీలు ఉండాలి. కొండ మీద బతికేవాళ్లతో, దానిమీద ఆధారపడ్డ స్త్రీలతో మాట్లాడకుండా ఏ దారీ తెరవకూడదు, మూయకూడదు.

మన సమావేశాలు ఎప్పుడూ హాళ్లలోనే ఎందుకు జరగాలి? ఒక ఆదివారం కొండమీద పెట్టుకుందాం. ఆ ముగ్గురినీ పిలుద్దాం, మోపుల్లేకుండా. ఆరోజు కూలి నష్టపోకుండా ముందే ఏర్పాటు చేద్దాం. ఊరికే రావడానికి వాళ్లకు ఏమేం అడ్డొస్తాయో వాళ్లనే అడిగి రాసుకుందాం. మన డిమాండ్ల పత్రం అక్కడ మొదలుపెడదాం.