అడగడానికి పేరులేని వైద్యం

హోసూరు ప్రాంతంలోని మా పెద్దమ్మ నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు వంట చేసింది. బీడీ ముట్టలేదు, చుట్ట ఎరుగదు. అరవై దాటేసరికి బిందెడు నీళ్లు మోయలేని ఆయాసం పట్టుకున్నది. ఊరంతా ఉబ్బసమన్నారు. ఒక చలికాలం ఊపిరాడక ఆసుపత్రిలో చేర్చితే తొమ్మిది రోజులకు తేరుకున్నది. ఇంటికి వస్తూ సంచి నిండా మందులు, ఒక అచ్చుకాగితం తెచ్చుకున్నది. కాగితంలో ఒకవైపు తమిళం, మరొకవైపు ఇంగ్లీషు. మందులు వేళకు వేసుకున్నది. కాగితాన్ని పరుపు కింద పెట్టుకున్నది. సగం వైద్యం ఆ కాగితంలోనే ఉన్నదని ఆమెకు గాని, మాకు గాని ఆరు నెలల దాకా తెలియలేదు.

ఆ సగం వైద్యాన్ని డాక్టర్లు పల్మనరీ రిహాబిలిటేషన్ అంటారు. దానిని ‘ఊపిరితిత్తుల పునరావాసం’ అని తెలుగు చేస్తున్నాం. పునరావాసమంటే మన జనానికి గుర్తుకు వచ్చేది జలాశయంలో ఊరు మునిగినవారికి ఇచ్చే ఇంటి స్థలం! నోట పలకని వైద్యాన్ని రోగి ఏమని అడుగుతాడు? నా మట్టుకు నేను దీనిని ‘ఊపిరి సాధన’ అంటాను. ఇంతకన్న మంచి మాట దొరికితే అదే వాడుదాం.

ఏళ్ల తరబడి పొగ, దుమ్ము పీల్చడం వల్ల ఊపిరి గొట్టాలు ఇరుకై, గాలి తిత్తులు చెడే జబ్బు సీఓపీడీ. 2016 నాటికి మన దేశంలో సుమారు 5.5 కోట్ల మందికి ఇది ఉన్నదని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక అంచనా ప్రచురించింది. చెడిన ఊపిరితిత్తి మళ్లీ కొత్తది కాదు. మరి సాధన ఎందుకు? ఆయాసానికి జడిసి రోగి కూర్చుంటాడు. కూర్చున్నకొద్దీ కాళ్ల కండలు కరుగుతాయి. బలం తగ్గిన కండ చిన్నపనికే ఎక్కువ ఊపిరి అడుగుతుంది. ఆయాసం ఇంకా పెరుగుతుంది. ‘నువ్వు కదలవద్దు, మేము చేస్తాం’ అని మనం ప్రేమతో అనే మాటే రోగిని మంచానికి కట్టివేస్తున్నది.

ఈ సుడిని తెంచేదే సాధన. డాక్టరు పరీక్షించి, ఆరు నిమిషాలలో ఎంత దూరం నడవగలరో కొలిచి, సాధారణంగా ఆరు నుండి ఎనిమిది వారాల పాటు, వారానికి రెండు మూడుసార్లు నడక, చేతులకు కాళ్లకు కసరత్తు, ఊపిరి వదిలే పద్ధతి, ఇన్‌హేలరు వాడే తీరు, తిండి జాగ్రత్తలు నేర్పుతారు. 65 పరిశోధనలను, 3,822 మంది రోగులను కలిపి చూసిన 2015 నాటి కోక్రేన్ సమీక్ష దీనివల్ల ఆయాసం, అలసట తగ్గుతాయనీ, నడిచే శక్తి పెరుగుతుందనీ తేల్చింది.

అయినా దీనిని అందుకొనేవారు అరుదు. అమెరికాలో 2014లో ఈ జబ్బుతో ఆసుపత్రిలో చేరిన సుమారు 1.97 లక్షల మంది వృద్ధులలో, ఇంటికి వెళ్లిన 90 రోజులలోపు సాధన మొదలుపెట్టినవారు నూటికి ఇద్దరైనా లేరు. అంత వసతి ఉన్నచోటే గతి ఇది! చెప్పేవారు లేకపోవడం, దూరం, ఖర్చు అన్నిచోట్లా ఉన్న అడ్డంకులే. సరిహద్దు తెలుగువారికి మరొకటి తోడైంది. మాత్రకు భాష అక్కరలేదు; మింగితే పనిచేస్తుంది. సాధన అలా కాదు. అది మాటతో నేర్పే వైద్యం. మాట అందకపోతే మందు అందనట్టే.

మా పెద్దమ్మకు సంతలో బేరమాడేంత తమిళం వచ్చు. ఊపిరి సంగతి అర్థం చేసుకొనేంత రాదు. చివరకు చుట్టపుచూపుగా వచ్చిన ఒక నర్సమ్మ ఆ కాగితం చూసి, ‘అవ్వా, ముక్కుతో గాలి పీల్చు. ఊదుగొట్టానికి పెట్టినట్టు పెదవులు పెట్టు. నిప్పు రాజెయ్యొద్దు, దీపం ఆరకుండా వణికేటట్టు మెల్లగా వదులు’ అన్నది. ఒక్క పూటలో పట్టుబడింది. తరువాత ఆసుపత్రికి తిరిగి వెళ్లి, మనుమరాలు పక్కన నిలబడి తెలుగులో చెబుతుండగా మిగిలినదంతా నేర్చుకున్నది. ఇప్పటికీ ఆయాసం ఉన్నది. కాని వీధి చివరి వేపచెట్టు దాకా వెళ్లి, కాసేపు నిలిచి, తిరిగి వస్తున్నది.

మరి మనం చేయవలసినదేమిటి? ఆసుపత్రి నుండి వచ్చే రోజున ‘మా మనిషికి ఊపిరి కసరత్తులు నేర్పుతారా? ఎక్కడ? ఎప్పటి నుండి?’ అని అడుగుదాం. నాలుగు వారాలలోపు మొదలుపెట్టడం మేలు. డాక్టరు చూడకుండా సొంతంగా మొదలుపెట్టరాదు. ఛాతీనొప్పి గాని, కళ్లు తిరగడం గాని వస్తే వెంటనే ఆపాలి. బళ్లారి, బరంపురం, సోలాపురం, సిరొంచలలోని చదువుకున్న యువకులు నెలకు ఒక పూట ఆసుపత్రిలో దుబాసీలుగా కూర్చోవచ్చు.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా ఒప్పుకోవాలి. ఆ కాగితం తెలుగులో ఉన్నా మా ఇంట్లో చదవగలవారు ఇద్దరే. బడిలో తెలుగు పోయిన చోట అచ్చుకాగితం ఒక్కటే చాలదు. వినిపించే మాట కావాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని వైద్య కళాశాలలు ఈ పాఠాన్ని వాడుక తెలుగులో పలికించి పంపితే, సెల్‌ఫోను ఉన్న ప్రతి ఇంటికీ చేరుతుంది. ఊపిరి సరిహద్దు ఎరుగదు. దానిని నిలిపే మాట మాత్రం రాష్ట్రపు గీత దగ్గర ఎందుకు ఆగిపోవాలి?