యంత్రాల ముచ్చట: పాత ఆవిరి ఇంజను కొలతలు

మన అంకిసవాళ్ళం రైలెక్కాలంటే మంచిర్యాలకో బల్లార్షాకో పోవాల్సిందే. అయినా ఆవిరి ఇంజనంటే పిల్లలకు మోజు. కంప్యూటరులో కాడ్‌తో దాని నమూనా గీయాలనుకునే చిరంజీవులకు ఈ నాలుగు మాటలు.

1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి మొదటగా వచ్చిన డబ్ల్యూ.పి. ఇంజనునే తీసుకుందాం. దాని పెద్ద చక్రం వ్యాసం 5 అడుగుల 7 అంగుళాలు, అంటే 1702 మిల్లీమీటర్లు. తీరా మ్యూజియంలో టేపు పెట్టి చూస్తే అంత రాకపోవచ్చు. చక్రానికి తొడిగిన ఉక్కు కమ్మీ పరుగులో అరుగుతుంది, పైగా వర్క్‌షాపులో లేతు మీద చెక్కుతారు. టేపు చెప్పేది ఇంజను ముసలితనపు కొలత! పుట్టినప్పటిది కావాలంటే తయారీ డ్రాయింగే చూడాలి. మన దేశానికి ఎన్నో ఇంజన్లు పంపిన నార్త్ బ్రిటిష్ కంపెనీ డ్రాయింగులు గ్లాస్గో యూనివర్సిటీలో, అక్కడి మిచెల్ లైబ్రరీలో ఉన్నాయి. ఇంజన్లు చాలామటుకు తుక్కుకు పోయాయి కనుక ఆ కాగితాలే దిక్కు.

అవీ దొరక్కపోతే ఎదురుగా తీసిన ఫోటో చూడండి. బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు, అది ఖాయం. దాన్నిబట్టి ముందువైపు భాగాలనే లెక్కకట్టాలి. వెనకవి చిన్నగా కనిపిస్తాయి.

ఒకటి మరవకండి. పాత డ్రాయింగు అంగుళాల్లో ఉంటే కాడ్‌లోనూ అంగుళాలే పెట్టండి. ప్రతి కొలతనూ మిల్లీమీటర్లలోకి మార్చి చిల్లర వదిలేస్తే, ఆ తేడాలన్నీ పేరుకుని చివరికి చక్రాలను కలిపే కడ్డీ రంధ్రం దాని మేకుకు కుదరదు.