ఆ నగలు ఎవరివి?

క్రిందటి నెల ఒక మహిళా కళాశాలవాళ్ళు నన్ను ఉపన్యాసానికి పిలిచారు. "కళ – త్యాగం" అని విషయం కూడా వాళ్ళే ఇచ్చారు. ఇలాంటి విషయమిస్తే నాబోటి నవలా రచయిత్రికి పెద్ద ప్రయాసేం వుండదు. సత్యజిత్ రాయ్ వున్నాడుగా! "పథేర్ పాంచాలి" తీస్తుండగా చేతిలో డబ్బైపోతే ఆయన భార్య బిజోయా తన నగలు తీసి ఇచ్చిందనీ, వాటిని తాకట్టు పెట్టి ఆయన సినిమా సాగించాడనీ, గొంతు కాస్త బరువు చేసుకుని చెప్పాను. ముందు వరసలో ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది కూడాను. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు.

ఆ శాలువాతోనే ఇంటికొచ్చేసరికి మా అక్క కూతురు హాల్లో కూర్చుని వుంది.

ఈ పిల్ల సంగతి మీకు చెప్పాలి. ఇరవై ఎనిమిదేళ్ళు. హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగం మానేసి ఏడాదిన్నర అయింది. సినిమా తీస్తోంది. సినిమా అనగానే మీరు ఏవేవో ఊహించుకోకండి. అందులో హీరో లేడు. మా అమ్మ వుంది! డెబ్భై ఆరేళ్ళ మా అమ్మా, గోదావరి లంకలో మా పుట్టిల్లూ, పెరట్లో పనసచెట్టూ, వరదొస్తే అటకెక్కే సామానూ. ఇదీ కథ. తీసేది నలుగురు పిల్లలు. వాళ్ళకి పొద్దున్నే ఉప్మా చేసిపెట్టేదీ మా అమ్మే, చెయ్యి కడుక్కుని వచ్చి కెమెరా ముందు నిలబడేదీ మా అమ్మే.

"షూటింగంతా అయిపోయింది పిన్నీ! సౌండు పని మిగిలిపోయింది. మూడు లక్షలు కావాలి" అంది.

అప్పుడు నేనేం చేశానో తెలుసా? నా కుడిచెయ్యి దానంతటదే వెళ్ళి ఎడమచేతి గాజుల్ని పట్టుకుంది. బాబాయితో మాట్లాడి చెప్తానన్నాను. ఉద్యోగం వదలకుండా వుండవలసిందన్నాను. ఆఖరికి పెళ్ళి సంబంధం మాట కూడా ఎత్తాను. పిల్ల ఏమీ అనలేదు. కాఫీ తాగి, గ్లాసు తనే కడిగి పెట్టి వెళ్ళిపోయింది. శాలువా ఇంకా నా భుజంమీదే వుంది.

ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు! అప్పటిదాకా ఎన్ని సభల్లో చెప్పానో ఆ బిజోయా నగల కథ. ఆ రాత్రే మొదటిసారి దాన్ని ఆవిడ వైపునుంచి ఆలోచించాను.

రాయ్ ఆ సినిమా మొదలుపెట్టింది 1952లో. కలకత్తాలో ఒక అడ్వర్టయిజింగ్ కంపెనీలో ఉద్యోగం. సెలవురోజుల్లోనే షూటింగు. పాటలూ డాన్సులూ లేని సినిమాకి డబ్బు పెడతామన్నవాళ్ళు ముందుకు రాలేదు. ఇన్సూరెన్సు పాలసీమీద అప్పు తెచ్చాడు. ప్రాణప్రదంగా దాచుకున్న గ్రామఫోను రికార్డులు అమ్ముకున్నాడు. రెల్లుపూల పొలంలోంచి పిల్లలిద్దరూ రైలు చూసే ఘట్టం వుంది చూశారూ, అక్కడ ఒకరోజు తీసి మళ్ళీ మరోవారం వెళ్ళేసరికి పశువులు ఆ పూలన్నీ మేసేశాయట! ఇంకేం చేస్తాడు, మళ్ళీ ఏడు పూలు పూసేదాకా ఆగాడు. అలా ఆగుతూ సాగుతూ సినిమా బయటికొచ్చేసరికి 1955. వాళ్ళబ్బాయి సందీప్ పుట్టింది 1953లో. అంటే సినిమా ఇంకా సగంలో వుండగా. ఒళ్ళో పసివాడు, పెట్టెలో నగల్లేవు, ఆయనగారి సినిమా ఎప్పటికి పూర్తవుతుందో ఆ భగవంతుడికే తెలియాలి. ఆ ఇల్లు ఎలా నడిచిందని మనలో ఎవరమైనా ఎప్పుడైనా అడిగామా? పూలు మేసిన పశువుల గురించి మాత్రం ముచ్చటగా చెప్పుకుంటాం!

నగలొక్కటే కాదు. అప్పూ వేషానికి పిల్లవాడు దొరక్క వెతుకుతుంటే, తమ ఇంటి దగ్గర ఆడుకుంటున్న కుర్రాణ్ణి చూసి వీడు సరిపోతాడని పట్టింది బిజోయానే. చివరికి రాయ్ తల్లి సుప్రభ తెలిసినవాళ్ళ ద్వారా ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ దాకా మాట చేరవేస్తే, బెంగాల్ ప్రభుత్వం డబ్బిచ్చి సినిమా గట్టెక్కించింది. పేరుకి 'దారి పాట' అని అర్థం కదా, ఆ ఖర్చుని రోడ్ల బాగుచేత పద్దులో రాసుకున్నారని చెప్తారు. 1956లో కాన్ ఉత్సవంలో బహుమతి వచ్చింది. ఇక ప్రపంచమంతా చప్పట్లే.

సరే, నిర్మాత ఎవరు? పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం. నగలు పెట్టినావిడ ఎవరు? త్యాగమూర్తి!

ఇదీ నాకు ఒళ్ళు మండే చోటు. మగవాడు డబ్బు పెడితే దాన్ని పెట్టుబడి అంటారు. ఆడది బంగారం పెడితే త్యాగం అంటారు. పెట్టుబడికి వడ్డీ వుంది, వాటా వుంది, తెరమీద పేరుంది. త్యాగానికేముందండీ? నాబోటివాళ్ళ ఉపన్యాసంలో ఒక నిట్టూర్పు! బిజోయా ఇష్టపడే ఇచ్చింది, కాదనను. పెళ్ళికి ముందు ఆవిడ కూడా పాటలు పాడింది, సినిమాల్లో నటించింది. ఆ పని విలువ ఆవిడకి తెలియనిది కాదు. తర్వాత తన జ్ఞాపకాలు తనే రాసుకుంది కూడా. నా తగాదా ఆవిడతోనూ కాదు, రాయ్‌తోనూ కాదు. ఆ కథని పెళ్ళిపాటలా పాడుకునే మనతో.

ఇక ఆడదే సినిమా తీస్తానని బయల్దేరితే? అప్పుడు నగలిచ్చే భార్య వుండదు కదా!

అస్సాంలో ఛయ్‌గావ్ దగ్గర కలర్దియా అనే పల్లె. అక్కడ పుట్టిన రీమా దాస్ నటి అవుదామని బొంబాయి వెళ్ళింది. నాటకాలు వేసింది. ఏ సినిమా స్కూల్లోనూ చదవలేదు. మళ్ళీ తన ఊరికే వచ్చి, మొదటి సినిమా తీసుకుంటూ వుండగా, ధర్మాకోలు ముక్కలతో గిటార్లు చేసుకుని పాటకచేరీ చేస్తున్న పిల్లలు కంటబడ్డారు. ఆ పిల్లల్ని పట్టుకుని "విలేజ్ రాక్‌స్టార్స్" తీసింది. కథ ఇంత: ధును అనే పదేళ్ళ పిల్లకి గిటారు కావాలి. తండ్రి లేడు. తల్లి కష్టపడి పండించిన పంటని వరద ముంచేస్తుంది. అయినా ఆ తల్లి కూతురితో "నీకెందుకే గిటారు" అనదు. మగపిల్లలతో తిరుగుతోందని ఊళ్ళో అమ్మలక్కలు బుగ్గలు నొక్కుకుంటే, తల్లి కూతురి వైపే నిలబడుతుంది. నేను ఆ ఘట్టం చూస్తూ ఏడ్చాను. మా అక్క కూతురు వచ్చి వెళ్ళాక మళ్ళీ చూశాను. ఈసారి ఏడవలేదు, తల వంచుకున్నాను.

ఈ సినిమాకి కథా, దర్శకత్వమూ, కెమెరా, ఎడిటింగూ, నిర్మాణమూ అన్నీ ఆవిడే. చేతిలో ఫొటోలు తీసుకునే చిన్న డిజిటల్ కెమెరా. లైట్లు లేవు, సూర్యుడున్నాడు. ధునుగా వేసిన భనితా దాస్ ఆవిడకి వరసకి చెల్లెలు. సౌండు చూసుకున్న మల్లికా దాస్ కూడా బంధువులమ్మాయే. పిల్లలకి బడి లేనప్పుడే పని. వరద సెట్టు వేసింది కాదు, నిజంగా వచ్చిన వరదే. ఏళ్ళ తరబడి అలా తీసుకుంటూ వచ్చింది. 2017లో టొరంటోలో చూపించారు. 2018లో జాతీయస్థాయిలో ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం. ఎడిటింగుకీ, బాలనటికీ, సౌండుకీ కూడా బహుమతులు. ఆ ఏడే మనదేశం తరపున ఆస్కారుకి పంపిన సినిమా ఇదే.

వెంటనే మనం ఏమన్నాం? "అబ్బ, అన్నీ ఒక్కతే చేసిందట!" అన్నాం.

ఈ మాట మీకెక్కడో విన్నట్టు లేదూ? తెల్లారి నాలుగింటికి లేచి, వంటా, పిల్లలూ, అత్తగారి మందులూ, ఆఫీసూ అన్నీ ఒక్కతే చూసుకునే కోడల్ని "మా కోడలు అష్టావధానమమ్మా!" అని పదిమందిలో మెచ్చుకుంటారే, అదిగో ఆ మెప్పే ఇది! ఆ కోడలు అంట్లు తోమడానికి ఒక మనిషిని పెట్టమని అడగనీండి, అప్పుడు చూడాలి అష్టావధానం సంగతి. రీమా దాస్ సామర్థ్యానికి రెండు చేతులా దణ్ణం పెడతాను. కానీ ఒక ఆడపిల్ల పది మంది పని ఒంటిచేత్తో చెయ్యవలసి రావడాన్ని మనం ఘనకార్యంగా చెప్పుకుంటే, రేపు వచ్చే పిల్లకి ఆ పదిమందినీ ఎవరిస్తారు? "ఆవిడ చెయ్యలేదూ? నువ్వూ చెయ్యి!" అంటారు.

మా వారు ఈ వాదం విని, "సినిమా అనేది వ్యాపారం. బాగుంటే జనం చూస్తారు, లేకపోతే లేదు" అన్నారు. ఆయనకేం, ఎల్‌.ఐ.సి.లో పనిచేస్తారు. ఇలా తీసిన సినిమాలన్నీ గొప్పవని నేనూ అనను. పావుగంటసేపు ఒక మనిషి కిటికీలోంచి చూస్తూ టీ తాగే సినిమా నేనూ చూశాను. టీ చల్లారింది గానీ కథ కదల్లేదు. అయితే ఆ మాటకొస్తే మన నవలలన్నీ గొప్పవేనా? బాగుందో లేదో తేలాలంటే ముందు చూపించనివ్వాలి కదా! డిజిటల్ ప్రొజెక్షను కంపెనీలకి కట్టే రుసుము భరించలేమని 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు కొత్త సినిమాలు ఆపేసి సమ్మె చేశారు. కోట్లలో మునిగి తేలేవాళ్ళకే బరువైంది, మా పిల్లకి ఎంత? ఆ గండం దాటినా దొరికేది ఉదయం పదకొండు గంటల ఆట. అదీ జనం లేకపోతే రెండోరోజుకి హుళక్కి.

పదకొండు గంటల ఆట అంటే ఎవరిదండీ? మనది కాదూ! పిల్లలు బడికి, మగవాళ్ళు ఆఫీసులకి వెళ్ళాక మన చేతికి చిక్కే సమయం అదొక్కటే. మా అమ్మ కాలంలో ఆడవాళ్ళు వీధివీధంతా కలిసి మ్యాట్నీకి వెళ్ళేవారట. యద్దనపూడి సులోచనారాణిగారి నవలలు "మీనా", "జీవన తరంగాలు" 1973లోనూ, "సెక్రటరీ" 1976లోనూ సినిమాలుగా వచ్చాయి. ఊరికే వచ్చాయా? వారపత్రికలు పంచుకుని చదివిన ఆడవాళ్ళు టిక్కెట్టు కొంటారని నిర్మాతలకి ధైర్యం కలిగింది కనక వచ్చాయి. "మీనా"కి దర్శకురాలు విజయనిర్మల. తర్వాత నలభైకి పైగా సినిమాలు తీసి 2002లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. అప్పుడు టిక్కెట్టు కొన్న చేతులే ఇవాళ ఫోను పట్టుకుని, "ఆ సినిమా లింకు వుంటే పంపవూ!" అంటున్నాయి. ఆరువేల చీరకి బేరమాడం గానీ, నూటయాభై రూపాయల టిక్కెట్టు దగ్గర మాత్రం మనకి పొదుపు గుర్తొస్తుంది. ఇందులో నేనూ వున్నాను. ఎదురింటి వాళ్ళ ఓ.టి.టి. పాస్‌వర్డుతో రెండేళ్ళు కాలక్షేపం చేసినదాన్నే.

మన తెలుగులోనే ఒక ముచ్చట చెప్తాను. 2018లో "కేరాఫ్ కంచరపాలెం" వచ్చింది. విశాఖపట్నంలో ఆ పేట మనుషులతోనే, నటన ఎరగనివాళ్ళతోనే వెంకటేష్ మహా తీశాడు. డబ్బు పెట్టింది ప్రవీణ పరుచూరి, అమెరికాలో గుండె డాక్టరు. సలీమా వేషం వేసిందీ ఆవిడే. ఆ సినిమాకి ఆవిడ త్యాగం చేసిందని ఎవరూ అనలేదు, గమనించారా? నిర్మాత అన్నారు. తన సంపాదన, తన సంతకం, తెరమీద తన పేరు.

బంగారం మాత్రం మన సంపాదన కాదా ఏమిటి? స్త్రీధనం అంటూనే వుంటారు. అది పెట్టెలో వున్నన్నాళ్ళూ మనది. బయటికి తీయవలసి వస్తే మాత్రం ఇంటిది!

ఇవన్నీ రెండ్రోజులు మనసులో వుడికాక, మా అక్క కూతురికి నేనే ఫోను చేసి ఆదివారం రమ్మన్నాను. దానికన్నా ముందు అక్క దిగింది. చేతిసంచీలో పాత తువ్వాలులో చుట్టిన నాలుగుపేటల గొలుసు. అమ్మ పెట్టింది అది, దాని పెళ్ళికి.

"బ్యాంకులో గ్రాముకి ఎంతిస్తున్నారే?" అంది, అటూ ఇటూ చూసి. "దానికి చెప్పకు. నువ్విచ్చావని చెప్పు."

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. "చచ్చినా చెప్పను అలా!" అన్నాను. నా గాజుల్లో నాలుగు తీసి దాని గొలుసు పక్కన పెట్టాను. పిల్ల వచ్చాక తెల్లకాగితం తెమ్మన్నాను. ఎవరిది ఎంత, సినిమా అమ్ముడైతే ముందు తాకట్టు విడిపించడం, ఆ తర్వాత మిగిలితే ఎవరికెంత వాటా, అన్నీ రాయించాను. వంటా, వేషమూ రెండూ చేసింది కనక మా అమ్మకి కూడా ఒక వాటా వేయించాను. నిర్మాతలు అని పైన పెద్దక్షరాలతో రాసి, పిల్ల కలం ఆపింది.

"అమ్మా, నీ పేరు ఎలా వెయ్యను? తాతగారి ఇంటిపేరుతోనా, నాన్న ఇంటిపేరుతోనా?"

అక్క ఆ కాగితం వైపు చాలాసేపు చూసింది. గొలుసుకి చుట్టుకొచ్చిన తువ్వాలుని నాలుగు మడతలు పెట్టింది.

"ఎలాగైనా వెయ్యి గానీ, సినిమా వచ్చేదాకా మీ నాన్నకి మాత్రం చెప్పకు" అంది.