పెద్దదని కాపీ మానేస్తే ఎలా?

2025 సెప్టెంబర్ 26 రాత్రి దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడింది. బ్యాటరీలను మరో చోటికి మార్చే పనిలో మంటలు రేగి, 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. చాలావాటిని వారాల తరబడి శ్రమించి మళ్లీ నిలబెట్టారు. ఉద్యోగులు పత్రాలు దాచుకునే జీ-డ్రైవ్ మాత్రం తిరిగి రాలేదు. ఆఫీసు కంప్యూటర్లలో ఫైళ్లు ఉంచొద్దు, ఇందులోనే పెట్టండని చెప్పి, తలా 30 జీబీ ఇచ్చింది ప్రభుత్వమే. అందులోని 858 టెరాబైట్లు కాలిపోయాయి. వేరేచోట కాపీ ఎందుకు లేదంటే, డేటా మరీ పెద్దది కాబట్టి బయట బ్యాకప్ పెట్టలేకపోయామన్నారు.

ఈ జవాబు లెక్కకు నిలవదు. సెకనుకు 10 గిగాబిట్లు మోసే ఒక్క లైన్ పూర్తి వేగంతో నడిస్తే 858 టెరాబైట్లు ఎనిమిది రోజుల్లో వెళ్లిపోతాయి. పైగా అంతా పంపాల్సింది మొదటిసారే. తర్వాత ఏ రోజు మారినది ఆ రోజు పంపితే చాలు. రోజుకు నూటికి ఒక వంతు మారిందనుకున్నా, అదే లైన్ మీద రెండు గంటల పని. అంటే అసలు అడ్డంకి డేటా సైజు కాదు. డేటా పెరిగినకొద్దీ దాని కాపీకీ చోటు పెంచాలన్న నియమం లేకపోవడమే. మన తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రధాన కేంద్రంలో స్టోరేజీ కొనే టెండరులోనే విపత్తు వేళ పనిచేసే రెండో కేంద్రం, అంటే డీఆర్ సైట్ స్టోరేజీ కూడా ఉండాలి. విడిగా, తర్వాత అంటే అది ఎప్పటికీ వాయిదాయే.

ఎంత చోటు కావాలన్న దగ్గరే ప్లానింగ్ తప్పుతుంది. ఇక్కడ 100 టెరాబైట్లుంటే అక్కడా 100 చాలనుకుంటారు. కానీ ప్రతి మార్పునూ వెంటనే అవతల కాపీ చేసే రెప్లికేషన్ మంచినే కాదు, చెడునూ మోసుకెళుతుంది. ఎవరైనా పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపేసినా, రాన్సమ్‌వేర్ ఫైళ్లకు తాళం వేసినా, క్షణాల్లో అవతలా అదే జరుగుతుంది. అందుకే నిన్నటి రూపం, మొన్నటి రూపం కూడా విడిగా, ఎవరూ చెరపలేని విధంగా దాచాలి. రోజుకు ఒక శాతం మార్పుతో నెల రోజుల చరిత్ర ఉంచాలంటే మరో 30 టెరాబైట్లు. డేటా ఏటా నాలుగో వంతు పెరిగితే మూడేళ్లలో దాదాపు రెట్టింపవుతుంది. ఈ రెండూ కలపకుండా వేసిన అంచనా మొదటి ఏడాదే చాలదు.

దగ్గర్లోనే జంట కేంద్రం పెట్టుకుంటే ప్రతి మార్పూ రెండుచోట్లా ఒకేసారి రాయవచ్చు, ఒక్క ఎంట్రీ కూడా పోదని కొందరంటారు. నిజమే. కానీ 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను విశాఖను ఎలా వణికించిందో చూసినవాళ్లు ఒకే నగరంలో రెండు కేంద్రాలను నమ్ముకోలేరు. అంతెందుకు, 2021 ఫిబ్రవరి 24న ముంబైలో స్టాక్ ఎక్స్ఛేంజీ అయిన ఎన్‌ఎస్‌ఈ ప్రధాన కేంద్రానికీ దగ్గరి కేంద్రానికీ మధ్య లైన్లు తెగితే స్టోరేజీ వ్యవస్థ మొరాయించింది. లైన్లు తెగినా ప్రధాన కేంద్రం నడవాలన్నదే అసలు ఏర్పాటు. అయినా ట్రేడింగ్ గంటల తరబడి ఆగింది. చెన్నైలో డీఆర్ సైట్ ఉండి కూడా ఆరోజు దానికి మారలేదు. ఇక దూరానికి దాని ఇబ్బంది దానికుంది. హైదరాబాద్ నుంచి విశాఖకు సంకేతం వెళ్లి రావడానికి కనీసం అయిదు మిల్లీసెకన్లు పడుతుంది. ప్రతి రాతకూ అంత ఆగితే డేటాబేస్ మందగిస్తుంది. కాబట్టి దూరపు కాపీ కొంత వెనకబడే ఉంటుంది. ఎంత వెనకబాటు భరించగలమో సేవను బట్టి ముందే తేల్చాలి. రిజిస్ట్రేషన్ చలానా ఒక్కటీ పోకూడదు. పాత దస్తావేజుల స్కాన్లు ఒక రోజు ఆలస్యంగా చేరినా నష్టం లేదు.

ఖర్చు భరించలేమన్న అభ్యంతరానికి జవాబు ఈ వర్గీకరణలోనే ఉంది. అన్నింటికీ ఖరీదైన స్టోరేజీ అక్కర్లేదు, కదలని డేటాకు టేపు చాలు. చవకైన కాపీ, నెమ్మదైన కాపీ ఉండవచ్చు. అసలు కాపీయే లేకుండా మాత్రం ఉండకూడదు. భద్రత దృష్ట్యా ఈ వివరాలు బయటపెట్టకూడదనే వాదన కూడా వస్తుంది. కేంద్రం చిరునామా, నెట్‌వర్క్ పటం ఎవరూ అడగడం లేదు. పట్టాదారు పాస్ పుస్తకం, అడంగల్, ఈసీ అన్నీ కంప్యూటర్‌లోనే ఉన్న రైతు అడగదగ్గవి రెండే: నా భూమి రికార్డు రెండోచోట ఉందా? దాన్ని చివరిసారి ఎప్పుడు తెరిచి చూశారు?

రెండో ప్రశ్నకు దారి మన దేశంలోనే ఉంది. 2024 మార్చి 2, శనివారం ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ ప్రత్యేకంగా మార్కెట్ తెరిచి, ఉదయం మొదటి విడత ప్రధాన కేంద్రం నుంచి, రెండో విడత డీఆర్ సైట్ నుంచి నిజమైన ట్రేడింగే నడిపాయి. భూమి రికార్డుల సేవలైన మీభూమి, భూభారతిని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ముందుగా ఒక రెండో శనివారం, తర్వాత రద్దీ ఉన్న పనిదినం, డీఆర్ సైట్ నుంచే నడిపి చూడాలి. మారడానికి ఎంతసేపు పట్టిందో, ఏ రికార్డులు తెరుచుకోలేదో మర్నాడే ప్రకటించాలి.