పరువు కంటె ప్రాణము మిన్న

కోడంబాక్కమున తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు మేమొక మాట విన్నవించుచున్నాము. కళాశాల విద్యార్థి యెవరైనను మితిమీరి త్రాగి స్పృహ తప్పినచో, తోడివారు పెద్దలు కోపింతురని, పరువు పోవునని భయపడి, గది తలుపు మూసి, “నిద్రపోయిన తగ్గిపోవును” అని ఊరకుందురు. ఆ నిద్రయే ప్రాణాంతకము కావచ్చును. కడుపులోని మద్యము అప్పటికిని రక్తమున చేరుచునే యుండును, శ్వాస మందగించును, వాంతి ఊపిరికి అడ్డుపడును. మజ్జిగయు నిమ్మరసమును నోట పోయరాదు, బలవంతముగా కక్కించరాదు. ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, ఒంటరిగా విడువక, తక్షణమే 108కి ఫోను చేయవలెను. 2005లో ఆంధ్రప్రదేశమున మొదలై, 2008లో తమిళనాటికి వచ్చిన ఉచిత సేవ యిది. ఏమి సేవించెనో వైద్యునికి దాచక చెప్పవలెను. మందలింపు మరునాడు చేయవచ్చును. “ఎంత రాత్రియైనను మమ్ము పిలువుము” అని మన బిడ్డలకు నేడే చెప్పుదము.