చెత్త వేరు, చెట్టు వేరు

కడోదరాలో చదువుకుంటున్న మనకు రెండు నదులు దగ్గర. ఉత్తరాన తాపీ, దక్షిణాన మింఢోళా. స్వచ్ఛతా పఖ్వాడా వచ్చినప్పుడల్లా నదులను శుభ్రంగా ఉంచుతామని ప్రతిజ్ఞ చేస్తాం. అయితే నీళ్లలో తేలే ప్లాస్టిక్ సంచీ, ఒడ్డు విరిగి నీళ్లలో పడిన చెట్టూ మన కంటికి ఒకేలా కనిపిస్తున్నాయి. రెండింటినీ చెత్త అనే అంటున్నాం. ఇది సరికాదని మా అభిప్రాయం.

నదిలో పడిన చెట్టు ఏం చేస్తుందో చూద్దాం. దాని చాటున నీటి వేగం తగ్గుతుంది. పక్కన ప్రవాహం నేలను కోసి చిన్న మడుగు చేస్తుంది. బెరడు మీద పాచి పడుతుంది, పురుగులు చేరతాయి. వాటిని తినడానికి చేపపిల్లలు వస్తాయి. కొంగ దిగినా, పెద్ద చేప తరిమినా అవి కొమ్మల సందుల్లో దాక్కుంటాయి. బంగ్లాదేశ్‌లో జాలర్లు చేపలు చేరడానికే నదిలో కొమ్మలు కుప్పగా వేస్తారు.

మరి పడవల సంగతి? ఆ భయం నిజమైనదే. గోదావరి వరద చూసినవారికి ఎర్రనీళ్లలో కొట్టుకొచ్చే దుంగలు ఎంత ప్రమాదమో తెలుసు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. అలాంటి వరదలో మాను పడవకు తగిలితే పడవ నిలవదు. వంతెన స్తంభాలకు అడ్డంపడితే చెత్తంతా అక్కడే చేరి నీరు ఎగదన్నుతుంది. అమెరికాలో మిసిసిపీ నదిలో మునిగిన మానులు ఎన్నో పడవలను ముంచాయి. వాటిని పెకలించడానికి హెన్రీ ష్రీవ్ 1829లో ప్రత్యేకంగా ఒక ఆవిరి పడవనే తయారు చేయించాడు.

ఆస్ట్రేలియాలోని ముర్రే నది కథ ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. 1850లలో అక్కడ ఆవిరి పడవలు తిరగడం మొదలయ్యాక దారి కోసం దుంగలను లాగేస్తూ వచ్చారు. పడవల కాలం పోయాక కూడా నీరు త్వరగా పారాలని తీసేశారు. దుంగల చాటున బతికే ముర్రే కాడ్ చేప తగ్గిపోయింది. చివరికి ఈ శతాబ్దంలో వేల దుంగలను తెచ్చి మళ్లీ నదిలో వేశారు. చేపలు పెరిగాయి. ఒకసారి తీయడానికీ ఖర్చు, మళ్లీ వేయడానికీ ఖర్చు!

అందుకే అన్నీ తీసేయాలనీ, ఏదీ ముట్టుకోకూడదనీ మేము అనడం లేదు. చెట్టు ఎక్కడ పడిందన్నదే అసలు ప్రశ్న. వంతెన, ఆనకట్ట తలుపులు, రేవు దగ్గరైతే తీసేయాలి. పడవ దారికి అడ్డంగా ఉంటే అడ్డొచ్చే కొమ్మలు కొట్టి, మానును ఒడ్డు వెంబడి తిప్పి, కొట్టుకుపోకుండా గట్టిగా కట్టాలి. ఒడ్డు పక్కనే ఉండి ఎవరికీ అడ్డు కాకపోతే వదిలేయాలి. ఈ పని నీటిపారుదల శాఖది, అనుభవం ఉన్న పెద్దలది. పిల్లలు నీళ్లలోకి దిగకూడదు. ప్లాస్టిక్‌ను మాత్రం ఎక్కడున్నా ఏరేయాల్సిందే.

బదిలీల ఇళ్లలో పెరిగే మనకు ఒక అలవాటు ఉంది. ఉత్తర్వు రాగానే సామాను సర్దుతాం. లారీలో పట్టనిదల్లా అనవసరమే అనిపిస్తుంది. ఇంటి విషయంలో అది తప్పదు. నది విషయంలో మాత్రం ఆ తొందర పనికిరాదు. మూడేళ్లకో నాలుగేళ్లకో మనం కడోదరా వదిలి వెళ్తాం. చేవ ఉన్న దుంగ నీటి అడుగున దశాబ్దాల పాటు ఉంటుంది. దాని చాటున పెరిగే చేపలూ, వాటి మీద బతికే జాలరి కుటుంబాలూ ఇక్కడే ఉంటాయి. కాబట్టి ఏ ఊరు వెళ్లినా, అక్కడి నదిలో ఏది చెత్తో మనమే తేల్చేయకుండా, ముందు అక్కడ పడవ నడిపేవారినీ వల వేసేవారినీ అడుగుదాం.