అడిగి తిన్న అన్నం

దూరప్రయాణానికి సిద్ధమయ్యే ముస్లిం కుటుంబం సంచిలో మొదట సర్దేది తినుబండారాలే. ఊరు దాటితే హలాల్ ఆహారం దొరుకుతుందో లేదోనన్న బెంగ మనల్ని వెన్నాడుతూ ఉంటుంది. మెక్సికో దేశంలోని వహాకా నగరానికి వెళ్ళినప్పుడు మేము దంపతులమూ అదే చేశాము. వెంట తీసుకువెళ్ళిన అటుకులు, ఖర్జూరాలతో రెండు రోజులు గడిచాయి. మూడవ నాటికి సంచి ఖాళీ అయింది. హోటల్ భోజనం ఖరీదు మా తాహతుకు మించినది. ఇక మార్కెట్ దారి పట్టక తప్పలేదు.

నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద చౌకుకు సమీపంలో రెండు పాత మార్కెట్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి బెనీతో హువారెస్ పేరిట వెలసినది. ఆయన ఇదే రాష్ట్రంలోని ఒక జపొతెక్ ఆదివాసీ కుటుంబంలో 1806లో జన్మించి, దేశాధ్యక్షుడైన నాయకుడు. రెండవదాని పేరు ‘నవంబర్ 20’. 1910లో మెక్సికో విప్లవం ఆ తేదీన మొదలైంది. మొదటి మార్కెట్లో కూరగాయలు, ఎండుమిరపకాయలు, పండ్లు; రెండవదానిలో వరుసగా భోజనపు అంగళ్ళు. కూలీలు, గుమాస్తాలు, బడిపిల్లలు ఒకే బల్ల మీద ఒరుసుకుని కూర్చుని తింటున్నారు. ఊరివారు గుమికూడేచోట, కళ్ళెదుటే వేడివేడిగా వండి పెట్టేచోట తినాలన్నది మా నియమం. అలాంటి అంగడి ఒకటి చూసి కూర్చున్నాము.

మా ముందు పెట్టిన వంటకం పేరు త్లయూదా. మన జొన్నరొట్టెను తలపించే పెద్ద మొక్కజొన్న రొట్టె అది. దాని మీద నల్ల చిక్కుడు గింజల ముద్ద, టమాటా, అవకాడో ముక్కలు. మాంసం లేదు కదా అన్న ధీమాతో బిస్మిల్లాహ్ అని తిన్నాము. ఎంతో రుచిగా ఉంది. చివరి ముక్క చేతిలో ఉండగా పక్కన కూర్చున్న యువకుడు వచ్చీరాని ఇంగ్లీషులో అసలు సంగతి చెప్పాడు. రొట్టెకు ముందుగా పూసే ఆ గోధుమరంగు పూతను అసియెంతో అంటారట. పంది కొవ్వును కరిగించినప్పుడు పాత్ర అడుగున మిగిలే మడ్డి అది.

చేతిలోని ముక్క నోటి దాకా వెళ్ళలేదు. బసకు తిరిగి వచ్చి అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకున్నాము. తెలియక జరిగిన పొరపాటును ఆ కరుణామయుడు మన్నిస్తాడన్న నమ్మకం మాకున్నది. అయినా మనసు కుదుటపడలేదు. తెలుసుకునే అవకాశం ఉండీ మేము అడగలేదు. భాష రాదన్న బిడియం, ఏమనుకుంటారోనన్న మొహమాటం మా నోరు కట్టేశాయి. సందేహాస్పదమైన వాటికి దూరంగా ఉండమన్న దైవప్రవక్త (సఅసం) హితబోధను పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటాము! ఆకలి వేసిన పూట మాకే అది గుర్తుకు రాలేదు.

మరునాడు హోటల్ గుమాస్తా చేత స్పానిష్ భాషలో ఒక చీటీ రాయించుకున్నాము: మేము ముస్లింలం, పంది మాంసం, పంది కొవ్వు, మద్యం మాకు నిషిద్ధం, మరే మాంసమూ ఇక్కడ తినము. గ్రంథ ప్రజలు కోసిన మాంసం విషయంలో ధర్మవేత్తల మధ్య అభిప్రాయభేదం ఉన్నందున ఆ చివరి మాట చేర్చాము. చీటీ పట్టుకుని అదే అంగడికి వెళ్ళాము. వంట చేస్తున్న పెద్దావిడ దానిని రెండుసార్లు చదివింది. నిన్న మేము తిన్నది గుర్తుకు వచ్చి కాబోలు, గుండె మీద చేయి వేసుకుని బాధపడింది. పెనం మార్చింది, కత్తి కడిగింది. గింజలు ఉడికే కుండ మూత తీసి, అందులో కొవ్వు లేదని చూపించింది. కొవ్వు పూయని రొట్టె, ఉడికించిన గింజలు, పచ్చడి, గుడ్లు మా ముందు పెట్టింది. హోటల్లో ఒకరి భోజనానికయ్యే సొమ్ముతో ఇద్దరమూ కడుపునిండా తిన్నాము.

ఆ దేశానికి వెళ్ళే సోదర సోదరీమణులకు కొన్ని సూచనలు. ‘సెర్దో’, ‘ప్వెర్కో’ అంటే పంది. ‘మాంతేకా’ అంటే సాధారణంగా పంది కొవ్వు. ‘సిన్ మాంతేకా’ అంటే అది లేకుండా అని అర్థం. తమాలెస్ పిండిలోనూ, వేయించిన చిక్కుడు ముద్దలోనూ ఈ కొవ్వు తరచూ కలుస్తుంది. అన్నాన్ని కోడి రసంతో వండడం కూడా అక్కడ మామూలే. ‘అల్ పాస్తోర్’ అనే టాకో చూడడానికి షవర్మాలా ఉంటుంది. లెబనాన్ నుండి వలస వచ్చినవారి వంట నుండే అది పుట్టింది, కానీ నేడు పంది మాంసంతో చేస్తారు. ‘తెపాచే’ అనాస రసంలా కనిపించినా పులియబెట్టిన పానీయం. కాల్చిన మొక్కజొన్న పొత్తులు, పండ్లు నిశ్చింతగా తినవచ్చు. గుమ్మడి పూలు, నాగజెముడు మట్టల కూరలు కూడా దొరుకుతాయి. కొవ్వు వేశారేమో అడిగి తినాలి.

అడగడం అలవాటయ్యాక మార్కెట్ మాకు పరాయిగా తోచలేదు. ‘హమైకా’ అనే ఎర్రని పానీయం మన ఎర్ర గోంగూర జాతి మొక్క పూల రక్షకపత్రాలతో కాచినదని తెలిసింది. చింతపండు పానకాన్ని అక్కడ ‘తమరిందో’ అంటారు. అరబ్బులు చింతపండుకు పెట్టిన ‘తమ్ర్ హిందీ’, అంటే హిందూదేశపు ఖర్జూరం అన్న పేరే అలా మారింది. మన కూరల్లోని మిరపకాయ ఆ గడ్డ మీద పుట్టి, పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి చేరినదే. ఎవరి నేలలో ఏది మొలిచినా ఉపాధి ప్రదాత ఒక్కడే.

చివరి రోజున సెలవు తీసుకుంటుంటే ఆ పెద్దావిడ మేము మళ్ళీ రావాలని కోరుకుంటూ ‘ఒహలా’ అన్నది. ‘అలా జరిగితే బాగుండు’ అనడానికి స్పానిష్ వారు వాడే మాట అది. దాని మూలం అరబ్బీ. ముస్లింలు శతాబ్దాల పాటు నివసించిన స్పెయిన్‌లో, ‘అల్లాహ్ తలిస్తే’ అనే అర్థమున్న పలుకు నుండి పుట్టింది. ఆ సంగతి ఆమెకు తెలుసో లేదో మేము అడగలేదు. ‘ఇన్షా అల్లాహ్’ అని బదులు చెప్పి వచ్చాము.